పైనుంచి చదివిన అంకె

చిట్టీ నా చేతిలో ఉంది. ఉందని కళ్ళతో చూస్తేనే తెలుస్తుంది, వేళ్ళకు తెలియదు. యాభై ఏళ్ళు సున్నం తిన్న వేళ్ళు ఇవి, పొగలు కక్కే చాయ్ గ్లాసు పట్టుకున్నా తెలియదు, కాగితం ముక్క ఏం తెలుస్తుంది. చప్రాసి రాములు ఇచ్చాడు. గోడవారగా బల్ల మీద కూర్చోమన్నాడు, నంబరు పిలిస్తే లోపలికి పొమ్మన్నాడు. సికింద్రాబాద్ స్టేషను వెనకాల పాత బంగళా ఇది, లోపల బొంబాయి నుంచి వచ్చిన పెద్దసార్లు కూర్చున్నారు, ఇళ్ళ పటాలు గీసే చదువుకు పిల్లలను ఏరుకుంటున్నారు. వరండాలో పది పన్నెండు మంది కుర్రాళ్ళు, అందరి చంకల్లో చుట్టిన కాగితాలు. నా చంకలో కూడా ఒక చుట్ట ఉంది. అది నాది కాదు, మా కొడుకు రహీంది. రహీం నాలుగు నెలలుగా ఇంటికి రాలేదు. పరీక్షకు రమ్మని వాడి పేరున కార్డు వచ్చింది, అందుకే నేను వచ్చాను.

చెప్పవలసిన మాట నా భార్య జాన్ బీ నేర్పించి పంపింది. పొద్దున పొయ్యి ముందర కూర్చోబెట్టి మూడుసార్లు చెప్పించింది, చిన్నప్పుడు మౌల్వీ సాబు పాఠం అప్పజెప్పించినట్లు. జ్వరమొచ్చింది సాబ్, గుల్బర్గాల మామ ఇంట్ల ఉన్నడు, నెల రోజులల్ల వస్తడు, పేరు కొట్టెయ్యకున్రి. అంతే. నాలుగు ముక్కలు. మొదటిసారి గుల్బర్గా మరిచిపోయాను, రెండోసారి జ్వరం మరిచిపోయాను. "నీ నోట్లకెంచి మాట తీసుడు బాయిలకెంచి బండ తీసినట్టే, రహీం అబ్బా," అంది. "నలభై ఏండ్ల సంది తీస్తనే ఉన్న. ఇయ్యాల ఒక్కనాడు మాట్లాడు, మల్ల జన్మంత ఊకో." తరువాత కాసేపాగి ఇంకొకటి చెప్పింది. మా దోస్తు తుకారాం భార్య ఎక్కడో విన్నదట, పేరు ఉంచితే కాగితాలు వాళ్ళే పెట్టుకుంటారట, కొట్టేస్తే వాపసు ఇస్తారట. "నువ్వు ఉత్త చేతులతోని రావాలె. ఉత్త చేతులతోని రా." నేను తల ఊపాను. తల ఊపడం నాకు బాగా వచ్చు.

ఎదురుగా స్తంభం ఉంది. సున్నం పని మంచిదే, కిందనే చెమ్మ ఎక్కింది, పునాదిలో రాతికి రాతికి మధ్య సందు సరిగా నింపలేదు. కట్టినవాడు తొందరలో ఉన్నాడు, లేదా వానల ముందర కట్టాడు. ఏ ఇల్లు చూసినా కట్టినవాడు కనపడతాడు నాకు, ఉండేవాళ్ళు కనపడరు. రహీంకు అట్లా కాదు. వాడికి నడిచేవాళ్ళు కనపడేవారు. ఇక్కడ నిలబడితే ఎండ పడుతుంది, ఇక్కడ ముసలామె కూర్చుంటుంది, ఇటు నుంచి గాలి వస్తుంది అనేవాడు, ఉత్త కాగితం మీద. మెట్రిక్ పాసయిన ఏడాది ఒకరోజు వచ్చి ఆర్కిటెక్ట్ అవుతానన్నాడు. ఇంజినీరా అన్నాను. కాదబ్బా అన్నాడు, నన్ను అబ్బా అనేవాడు, నాన్న అని. మరి ఓవర్సీరా అన్నాను. కాదు, కట్టకముందే ఇంట్ల తిరిగొచ్చేటోడు అన్నాడు. "కట్టకముందే ఇంట్ల తిరిగేది దయ్యంరా," అన్నాను. జాన్ బీ తూ తూ అని ఉమ్మింది, వాడు పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆమెకు ఆర్కిటెక్ట్ అనే మాట నోరు తిరగలేదు. ఆర్కిటేకు అనేది. మా ఆర్కిటేకు ఇంక తినలేదు, మా ఆర్కిటేకు ఇంక లేవలేదు. సీతాఫల్‌మండిలో మా గల్లీ అంతా అదే పేరుతో పిలిచేది, పాలు పోసే దేవమ్మ కూడా.

పట్టాల మీద ఇంజను ఒకటి కూసింది. లాలాగూడ కార్ఖానా నుంచి ఇంకా సైరన్ రాలేదు, పదకొండు కాలేదన్నమాట. తుకారాం గేటు బయట సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. కార్ఖానాలో ఫిట్టరు పని వాడిది, ఈరోజు సెలవు పెట్టాడు నా కోసం. తల మీద టోపీ వద్దు భాయ్ అని తన రుమాలు తీసి పొద్దున వాడే నాకు పగిడీ చుట్టాడు. ఎందుకని నేను అడగలేదు, వాడూ చెప్పలేదు. ఆ చేతులే రహీంకు గీతల బల్ల చేసిచ్చాయి, పాత రైలు డబ్బా టేకు చెక్కతో, గీతలు తిన్నగా గీయడానికి అడ్డకర్ర కూడా దానితోనే. ఆ బల్ల మా ఇంట్లో సగం జాగా తినేసింది. రహీం పెన్సిలు చెక్కితే ముల్లులాగా ఉండేది. ఒక గీతను పది రకాలుగా గీసేవాడు, సన్నగా ఉంటే ఒక అర్థమట, మందంగా ఉంటే ఒకటట. నేను చూసి ఊరుకునేవాణ్ణి. ఒకసారి మాత్రం ఊరుకోలేకపోయాను. ఇంటిని నడిమికి కోసి గీశాడు, బత్తాయి పండును కోసినట్లు, గోడ లోపలి ఇటుకలు, నేల కింద పునాది, పైకప్పు దూలం అన్నీ బయటికి కనపడుతున్నాయి. నిలబడ్డ ఇంటిని కోస్తవా అన్నాను. "కోస్తెనే తెలుస్తదబ్బా, ఏం మోస్తున్నదో," అన్నాడు.

అది నేను కట్టిన ఇల్లే. నేరేడ్‌మెట్‌లో ఆర్థర్ దొరది, రైలు డ్రైవరు, పింఛను తీసుకుని కట్టించుకున్నాడు. ఇల్లు అయిపోయిన రోజున సంతోషపడి తన కొలత టేపు ఇచ్చాడు నాకు, గుడ్డ టేపు, గుండ్రటి తోలు డబ్బాలో చుట్టుకునేది. దాని మీద ఇంగ్లీషు అంకెలుండేవి. పదేళ్ళకు అరిగిపోయాయి. అప్పుడు నేనే నల్ల సిరాతో నాకు వచ్చిన అంకెలు రాసుకున్నాను, అడుగడుగుకు ఒకటి. మూడేళ్ళు సర్కారు బడికి పోయాను, ఉర్దూలో చెప్పారు, అక్షరాలు సగం పోయాయి కానీ అంకెలు నిలిచాయి. నా జన్మలో నేను రాసిన రాత అంటే ఆ టేపు మీద రాసిందే. రహీంకు అంకెలు నేర్పింది కూడా ఆ టేపే. ఏడుకు, ఎనిమిదికి రెండేసి గీతలు. పైన కలిస్తే ఆఠ్, ఎనిమిది, కింద కలిస్తే సాత్, ఏడు. వాడు కలగాపులగం చేస్తుంటే నేనే చెప్పాను. ఆఠ్ అంటే ఇంటి కప్పురా, సాత్ అంటే వాననీళ్ళకు పట్టిన దోసిలి. వాడు తరువాత మరిచిపోలేదు. కప్పు, దోసిలి, కప్పు, దోసిలి అనుకుంటూ గల్లీ అంతా తిరిగేవాడు.

బొంబాయి వాళ్ళు రెండు కట్టడాలు కొలిచి గీయమన్నారు, ఒకటి ఈ కాలంది, ఒకటి పాతది. ఈ కాలందానికి ఆర్థర్ దొర ఇల్లు ఎత్తుకున్నాడు. నిరుడు రంజాన్‌లో పోయాము ఇద్దరం. ఉపవాసం, ఎండ, వాన రాని ఉక్క. లోపలి కొలతలన్నీ వాడే కింద కూర్చుని తీసుకున్నాడు. వరండా స్తంభం బయటి పక్క నుంచి కొలవాలన్నాడు, నిచ్చెన నేను ఎక్కుతానన్నాను, వాడి కళ్ళు తిరుగుతున్నాయని. పైన దూలం దగ్గర నిలబడి నేను టేపు పట్టాను, కింద కొస వాడు అదిమిపట్టాడు. నేను పైనుంచి అంకె చెప్పాను, వాడు కాగితం మీద రాసుకున్నాడు. రాసుకుని తల పైకెత్తి చూశాడు. "అబ్బా, జెర మల్ల సూడు," అన్నాడు. నాకు గొంతు ఎండుకుపోయి ఉంది. "యాభై ఏండ్ల సంది కొలుస్తున్న, నువ్వు నాకు సెప్తవా," అన్నాను. వాడు పెన్సిలు చెవి వెనక పెట్టుకున్నాడు. టేపు చుట్టుకున్నాడు. ఇఫ్తార్‌కు ఇంటికి చేరేదాకా మాట్లాడలేదు, చేరాక మామూలుగానే ఉన్నాడు. ఇదెందుకు గుర్తొస్తుందో తెలియదు. స్తంభాన్ని చూస్తుంటే వచ్చింది.

"తాతా, మీ మనుమడా లోపల?" పక్కనున్న పిల్లవాడు అడిగాడు. లూకా అట పేరు, బొల్లారం నుంచి వచ్చాడు, బూట్లు పాలిష్ చేసుకున్నాడు.

"కొడుకు."

"ఏడి మరి? టైమైతున్నది."

"వస్తడు," అన్నాను. నాలుగు ముక్కల్లో ఒక ముక్క ఇక్కడే ఖర్చయింది.

పాతదానికి బీదర్ పోతానన్నాడు. అక్కడ గుమ్మటాలున్నాయి, రంగు పలకలున్నాయి, అటువంటిది కొలిచి తెస్తే బొంబాయి వాళ్ళు లేచి నిలబడతారన్నాడు. గణపతుల పండుగకు రెండు రోజుల ముందర రైలెక్కాడు. సంచిలో టేపు, పెన్సిళ్ళు, వాళ్ళమ్మ చేసిన రొట్టెలు. నాలుగు రోజులబ్బా, ఎక్కువైతే వారం అన్నాడు. వారం తిరిగిందో లేదో మిలటరీ వచ్చింది, ఆకాశంలో విమానాలు తిరిగాయి, అయిదు రోజుల్లో నవాబు పాలన అయిపోయిందన్నారు, రేడియోలో చెప్పారు, బొల్లారం రోడ్డు మీద ట్యాంకులు పోయాయి, జనం పూలు వేశారు, కొందరు తలుపులు వేసుకున్నారు. నేను లాలాగూడలో ఒక గోడకు పూత వేస్తున్నాను ఆ రోజు. వేస్తూనే ఉన్నాను. తడి పూత మధ్యలో వదిలితే అతుకు కనపడుతుంది. ఆ తరువాత అటు పక్క ఊళ్ళల్లో ఏమేమి అయిందో జనం గుసగుసలాడుకున్నారు, నేను పోతే ఆపేసేవారు. ఎవరు ఎవరిని ఏం చేశారో నేను అడగలేదు. కొందరు కరాచీ పోయారన్నారు. జాన్ బీ ఆ మాట పట్టుకుంది. కరాచీలో ఉన్నాడు, ఉత్తరం వస్తుంది అంది. ఒకరోజు కరాచీ, ఒకరోజు గుల్బర్గా. ఆమె ఏది చెప్తే దానికి తల ఊపాను.

తుకారాంకు రైల్వే పాసు ఉంది. రెండుసార్లు పోయి ఉత్తగా వచ్చాడు. మూడోసారి చలి మొదలయ్యాక పోయాడు. వచ్చి మా గుమ్మం బయటే నిలబడ్డాడు, లోపలికి రాలేదు. బీదర్ ఇంకా రెండు స్టేషన్లు ఉందనగా ఒక ఊరు, అక్కడ ఒక ఇంటి ముందర బట్టలు ఆరేశారట. "తాడు సూస్తె తాడు కాదు భాయ్," అన్నాడు. "అంకెలున్నయి. నీ సేతిరాత నాకు తెల్వదా. మా మేస్త్రీదమ్మా అన్న. ఆమె బట్టలు తీసేసి ఇప్పిచ్చింది. ఎక్కడిదని అడిగిన. మొకం మీద కొంగేసుకున్నది, అంతే." డబ్బా లేదు, సంచి లేదు. టేపు చేతిలో పెట్టి నేల చూస్తూ వెళ్ళిపోయాడు. జాన్ బీ తీసుకుని దులిపింది. "పారేసుకున్నడు సూడు, ఆనికి చిన్నప్పటి సంది మతిమరుపే," అంది. ఒక గుడ్డ పేలికలో చుట్టి పెట్టింది. నాకు ఏడుపు రావాలి అప్పుడు. రాలేదు. ఆ రోజు నుంచి చూస్తున్నాను వస్తుందేమోనని. అన్నం తింటున్నాను, పనికి పోతున్నాను, సున్నం కలుపుతున్నాను. ఇప్పుడు ఆ టేపు నా అంగీ జేబులో ఉంది. పొద్దున జాన్ బీ చూడకుండా తీసి పెట్టుకున్నాను. ఎందుకో తెలియదు.

"నంబర్ సాత్," అని రాములు తలుపు దగ్గర నిలబడి అరిచాడు. ఎవరూ లేవలేదు. మళ్ళీ అరిచాడు. నా చిట్టీ చూసుకున్నాను, కప్పు. నాది ఎనిమిది, ఇంకా ఉంది. ఎవడో పాపం రాలేదు అనుకున్నాను. రాములు వచ్చి నా ముందు నిలబడ్డాడు, చిట్టీ లాక్కుని తలకిందులు చేసి మళ్ళీ నా చేతిలో పెట్టాడు.

"బడే మియా, ఉల్టా పట్టుకున్నవ్. సాత్ నువ్వే. నీకోసం పెద్దసార్లు కూసున్నరు, నువ్వు ఆరామ్‌గ కూసున్నవ్."

కుర్రాళ్ళు నవ్వారు. లూకా నవ్వలేదు, నా మోచేయి పట్టి లేపాడు.

లోపల ముగ్గురున్నారు. ఇద్దరు ఇంగ్లీషులో ఏదో అనుకుని ఊరుకున్నారు. మూడో ఆయన పేరు సదాశివ అని రాములు చెప్పాడు, గోదావరి పక్క మనిషట, తెలుగులో మాట్లాడాడు. కూర్చోండి మేస్త్రీ గారూ అన్నాడు. గారూ అని నన్ను ఎవరూ అనరు. నేను నిలబడే ఉన్నాను. అభ్యర్థి ఎక్కడ అని అడిగాడు. మాట నోట్లో తయారుగా ఉంది, జ్వరమొచ్చింది సాబ్. రాలేదు బయటికి. చుట్ట అందించాను. ఆయన విప్పి బల్ల మీద పరిచాడు, నాలుగు మూలలా నాలుగు రాళ్ళు పెట్టాడు. నా ఇల్లు. నిలబడి ఒకటి, పైనుంచి ఒకటి, నడిమికి కోసి ఒకటి. ఇద్దరు ఇంగ్లీషు సార్లు కూడా వంగారు. సదాశివ గారు గీతల మీద వేలు పెట్టకుండా గాలిలోనే వేలు తిప్పాడు, వాడు తిప్పినట్లే.

"మంచి చెయ్యి," అన్నాడు. "పొద్దుటి నుంచి ఇంత మంచి చెయ్యి చూడలేదు." అని ఇంకా వంగాడు. "అయ్యో. ఇదేమిటిది? కోతలో స్తంభం ఎనిమిది అడుగులుంది. బయటి పటంలో అదే స్తంభం ఏడు. ఏది నిజం? ఒక్క అడుగు తేడా అంటే కప్పు గాలిలో వేలాడుతుందండీ. చెయ్యి బాగుంది గానీ కుర్రాడికి అజాగ్రత్త."

అజాగ్రత్త. ఆ మాట గది మధ్యలో పడింది. నేను బల్ల మీద చూశాను. ఇంగ్లీషులో రాశాడు ఏడు, చక్కగా. దాని పక్కన పెన్సిలుతో, చీమ కాలంత, ఇంకేదో ఉంది. సదాశివ గారు కూడా చూశాడు. "ఇదేదో ఉర్దూలో ఉంది. మాకు రాదు. మీకు వచ్చా?"

వంగాను. మూడేళ్ళ బడి. అలిఫ్. బే. మళ్ళీ అలిఫ్. కూడబలుక్కున్నాను. అబ్బా.

ఎవరి కొలతో రాసుకున్నాడు. తన కొలత ఎనిమిది, నా కొలత ఏడు. రెండూ పెట్టాడు, నాది చెరపలేదు. చెరపకుండా పక్కన నా పేరు పెట్టుకున్నాడు, మళ్ళీ అడగడానికి. బీదర్ నుంచి వచ్చాక, నా మూడ్ మంచిగున్నప్పుడు. నిచ్చెన మీద నేను, టేపు పైనుంచి కిందికి, అంకెలన్నీ తలకిందులు. కప్పు దోసిలైంది. ఆ స్తంభాన్ని నా చేతులతో ఎనిమిది అడుగులు లేపాను, కానీ కళ్ళు ఏడు చదివాయి, నోరు ఏడు చెప్పింది. జెర మల్ల సూడు అన్నాడు వాడు.

"ఏం రాశాడు?"

"అబ్బా అని, సాబ్. నేను." జేబులోంచి టేపు తీశాను. బల్ల మీద పెట్టి ఎనిమిది దగ్గర విప్పి, అటు తిప్పి చూపించాను, ఇటు తిప్పి చూపించాను. "ఈ అంకెలు నేను రాసినయి. పైకెంచి నేను సదివిన. తప్పు నాది. పోరనిది కాదు. ఎనిమిదే. కట్టింది సుత నేనే."

ఇంత మాట నేను ఎప్పుడు మాట్లాడానో గుర్తులేదు. సదాశివ గారు టేపును చూశాడు, తిప్పి చూశాడు, చిన్నగా నవ్వాడు. ఇంగ్లీషు సార్లకు చెప్పాడు, వాళ్ళూ నవ్వారు, మంచి నవ్వే. అయితే ఏమీ ఫరవాలేదు అన్నాడు. పెన్సిలు తీసి, దిద్దితే ఒక్క నిమిషం పని అన్నాడు. నేను చేయి చాపాను.

"మీరు కాదు మేస్త్రీ గారూ. ఇది పరీక్ష కాగితం. అభ్యర్థి చెయ్యే దిద్దాలి, ఇంకొకరి చెయ్యి పడకూడదు. పంపించండి, నెల గడువు ఇస్తాం. రెండో పటం కూడా అప్పుడే తెమ్మనండి. పేరు ఉంచుతాం."

నెల గడువు. జాన్ బీ అడిగింది అదే, నేను అడగకముందే ఇచ్చారు. తల ఊపితే చాలు. ఉత్త చేతులతో ఇంటికి పోవచ్చు. కాగితం ఇక్కడే ఉంటుంది, ఏడు ఏడుగానే ఉంటుంది, పక్కన అబ్బా అని ఉంటుంది, నెల పోయాక ఎవరో ఈ చుట్టను అటక మీద పడేస్తారు, చూసినవాడల్లా అజాగ్రత్త అనుకుంటాడు. ఆయన పెన్సిలు ఇంకా పట్టుకునే ఉన్నాడు. బయట కార్ఖానా సైరన్ మోగింది, పదకొండు.

"వాడు రాడు సాబ్," అన్నాను.

ఆయన అర్థం కానట్లు చూశాడు.

"రెండోది కొలవనీకి పోయిండు. బీదర్ దిక్కు. మిలటరీ అచ్చినప్పుడు." టేపు మీద చేయి పెట్టాను. "ఇదొక్కటే అచ్చింది."

నేను చెప్పడం నేనే విన్నాను. జాన్ బీకి చెప్పలేదు, తుకారాంకు చెప్పలేదు, నాకు నేను చెప్పుకోలేదు. ముక్కూముఖం తెలియని మనిషికి చెప్పాను, ఒక అంకె కోసం. ఇంగ్లీషు సారు ఒకాయన ఏమిటని అడిగాడు, సదాశివ గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు, ముందరున్న పేర్ల కాగితంలో ఒక వరుస మీద గీత కొట్టాడు. నెమ్మదిగా, వంకర పోకుండా కొట్టాడు. తరువాత పెన్సిలు నా వైపు జరిపాడు.

పెన్సిలు వేళ్ళ మధ్యకు వచ్చిందో లేదో చూసుకోవలసి వచ్చింది. ఏడును కొట్టేశాను. ఇంగ్లీషు ఎనిమిది రాయడం నాకు రాదు. నాకు వచ్చిందే పెట్టాను, రెండు గీతలు, పైన కలిపి. కప్పు. పక్కనున్న మాట జోలికి పోలేదు. అది అట్లాగే ఉంది.

సదాశివ గారు రాళ్ళు తీసి, తానే చుట్టి, దారం కట్టి నా చేతికిచ్చాడు. నియమం ప్రకారం వాపసు ఇవ్వాలి అన్నాడు, తప్పు చేసినవాడిలాగా. టేపు కూడా చుట్టి ఇచ్చాడు. నేను సలాం చేశాను. "నంబర్ ఆఠ్," అని రాములు అరిచాడు. లూకా లేచి, బూట్లు ఒకసారి చూసుకుని, నా పక్క నుంచి లోపలికి పోయాడు.

తుకారాం సైకిలు నడిపించుకుంటూ ఎదురొచ్చాడు. నా చంకలో చుట్ట చూశాడు, ముఖం చూశాడు. "దాన్ని ఇటియ్యి భాయ్, వెనక కట్టుకుంట," అన్నాడు. వద్దన్నాను. పట్టాల పక్కనుంచి నడిచాము. మధ్యలో ఒకచోట గోడ కడుతున్నారు, కొత్త మేస్త్రీ ఎవరో గుండు దారం వేలాడదీసి ఒక కన్ను మూసి చూస్తున్నాడు, గోడ సరిగానే ఉంది. సీతాఫల్‌మండి మలుపు తిరిగాము. మా గల్లీ మొదట్లో నుంచే గుమ్మం కనపడుతుంది. జాన్ బీ బయటే నిలబడి ఉంది, ఎండకు చేయి అడ్డం పెట్టుకుని, నా చేతుల వైపే చూస్తూ. చెప్పవలసిన మాట ఏమీ లేదు ఇక, ఉత్త చేతులతో రాలేదు నేను. చుట్ట చంకలోనే ఉందా, ఎక్కడన్నా జారిందా అని వంగి చూసుకున్నాను. ఉంది.